పీరియడ్స్ వాయిదా మాత్రలు వేసుకుంటున్నారా? తగ్గని తలనొప్పిని లైట్ తీసుకోవద్దు.. మెదడులో రక్తం గడ్డకట్టే ముప్పు ఎవరికి?

ఇంట్లో పెళ్లి ముహూర్తం దగ్గర పడింది. లేదంటే వరలక్ష్మీ వ్రతం. లేదంటే ఎప్పుడో బుక్ చేసుకున్న తిరుమల దర్శనం. సరిగ్గా అదే తేదీకి పీరియడ్స్ వచ్చేలా ఉన్నాయి. ఇలాంటప్పుడు చాలా ఇళ్లలో వినిపించే మాట ఒకటే.. "మెడికల్ షాపులో అడిగితే ట్యాబ్లెట్ ఇస్తారు, వేసేసుకో."

చాలామందికి ఏమీ కాదు. ఫంక్షన్ అయిపోతుంది, మాత్ర ఆపేస్తారు, రెండు మూడు రోజుల్లో పీరియడ్స్ వచ్చేస్తాయి. కానీ ఎక్కడో ఒకరికి మాత్రం కథ వేరేలా నడుస్తుంది. మాత్రలు మొదలుపెట్టిన కొన్ని రోజులకు తలనొప్పి వస్తుంది. పని ఒత్తిడి అనుకుంటారు. ఉపవాసం వల్ల అనుకుంటారు. నొప్పి మాత్ర వేసుకుని పడుకుంటారు. పడుకుంటే నొప్పి ఇంకా ఎక్కువవుతుంది. మూడో రోజు వాంతులు, నాలుగో రోజు ఫిట్స్. అప్పుడు గానీ ఆస్పత్రికి పరుగెత్తరు.

అక్కడ స్కానింగ్‌లో బయటపడేది మెదడు సిరల్లో గడ్డకట్టిన రక్తం. ఇది చాలా అరుదు. కానీ టైమ్‌కి గుర్తిస్తే ఎక్కువ మంది కోలుకునే జబ్బు కూడా ఇదే. అందుకే భయపడటం కంటే దీని గురించి తెలుసుకోవడం ముఖ్యం.

ముందుగా ముఖ్యమైన విషయాలు

• పీరియడ్స్ వాయిదా మాత్రలు, గర్భనిరోధక మాత్రలు, కొన్ని పీసీఓఎస్ మాత్రలు.. ఇవన్నీ హార్మోన్ మందులే.
• వీటిలో కొన్ని రక్తం గడ్డకట్టే గుణాన్ని కొద్దిగా పెంచుతాయి. ఆ గడ్డ కాలిలో, ఊపిరితిత్తుల్లో, అరుదుగా మెదడులో ఏర్పడొచ్చు.
• ఎప్పుడూ లేని కొత్త రకం తలనొప్పి, రోజురోజుకూ పెరిగే తలనొప్పి ప్రధాన హెచ్చరిక.
• డాక్టర్‌కి "నేను హార్మోన్ మాత్ర వాడుతున్నా" అని చెప్పడం చాలా ముఖ్యం. ఈ ఒక్క మాట దాచడం వల్లే చాలాసార్లు ఆలస్యం జరుగుతుంది.
• కంగారుపడి సొంతంగా గర్భనిరోధక మాత్రలు ఆపేయడం కూడా సరికాదు.

అసలు మెదడులో ఏం జరుగుతుంది?

పక్షవాతం అనగానే మనకు గుర్తొచ్చేది మెదడుకి రక్తం తీసుకెళ్లే ధమని మూసుకుపోవడం. ఇక్కడ జరిగేది దానికి రివర్స్. మెదడు వాడేసిన రక్తం తిరిగి గుండెకు వెళ్లాలి కదా. ఆ రక్తం మొదట చిన్న సిరల్లోకి, అక్కడి నుంచి పుర్రె లోపల ఉండే పెద్ద కాలువల్లాంటి దారుల్లోకి వెళ్తుంది. వీటినే వీనస్ సైనస్‌లు అంటారు. జలుబు చేస్తే మూసుకుపోయే సైనస్‌కీ వీటికీ ఏ సంబంధం లేదు. పేరు ఒకటే, అంతే.

ఈ కాలువల్లో రక్తం గడ్డకడితే దాన్ని సెరెబ్రల్ వీనస్ సైనస్ థ్రాంబోసిస్ అంటారు. షార్ట్‌గా సీవీఎస్‌టీ. 2021లో కొన్ని కొవిడ్ వ్యాక్సిన్ల తర్వాత అరుదుగా వచ్చిన సైడ్ ఎఫెక్ట్‌గా వార్తల్లో వినిపించిన పేరు ఇదే.

వీధిలో డ్రైనేజీ జామ్ అయితే ఏమవుతుంది? నీళ్లు వెనక్కి తన్ని ఇళ్లలోకి వస్తాయి. ఇక్కడా అంతే. బయటకు వెళ్లాల్సిన రక్తం మెదడులోనే ఆగిపోతుంది. మెదడు చుట్టూ ఉండే ద్రవం కూడా ఈ దారుల ద్వారానే రక్తంలో కలవాలి, అది కూడా నిలిచిపోతుంది. పుర్రె లోపల ఒత్తిడి పెరుగుతుంది. మొదట తలనొప్పి, తర్వాత చూపు మసక. ఒత్తిడి మరీ పెరిగితే మెదడు వాచి, కొందరికి లోపల రక్తస్రావం కూడా జరుగుతుంది. అప్పుడే ఫిట్స్, కాలు చేయి పడిపోవడం లాంటివి కనిపిస్తాయి.

ఇది ఒక్క నిమిషంలో జరిగేది కాదు. చాలామందిలో లక్షణాలు కొన్ని రోజుల పాటు, ఒక్కోసారి వారాల పాటు మెల్లగా ముదురుతాయి. అంటే శరీరం ముందే హెచ్చరిస్తుంది. మనమే పట్టించుకోం.

హార్మోన్‌కీ, రక్తం గడ్డకట్టడానికీ లింకేంటి?

గాయమైతే రక్తం గడ్డకట్టాలి. గాయం లేకపోతే పల్చగా పారుతూ ఉండాలి. ఈ రెండింటి మధ్య బ్యాలెన్స్‌ని శరీరం కొన్ని ప్రొటీన్లతో నడిపిస్తుంది. ఇవి ఎక్కువగా లివర్‌లో తయారవుతాయి.

మాత్ర రూపంలో మింగిన ఈస్ట్రోజెన్ పేగుల నుంచి నేరుగా లివర్‌కే వెళ్తుంది. అక్కడ గడ్డకట్టించే ప్రొటీన్ల తయారీని పెంచుతుంది. గడ్డకట్టకుండా ఆపే ప్రొటీన్‌-ఎస్, యాంటీథ్రాంబిన్ లాంటి వాటిని తగ్గిస్తుంది. దీంతో త్రాసు కొంచెం ఒకవైపు మొగ్గుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో ఈ మొగ్గు వల్ల ఏమీ తేడా రాదు. కానీ పుట్టుకతోనే రక్తం త్వరగా గడ్డకట్టే గుణం ఉన్నవాళ్లలో, లేదా నీళ్లు తాగక ఒళ్లు ఎండిపోయినప్పుడు, అదే చిన్న మొగ్గు పెద్ద సమస్య కావొచ్చు.

నిజానికి గర్భం దాల్చినప్పుడు, కాన్పు తర్వాత కూడా శరీరంలో జరిగేది ఇలాంటిదే. బాలింతల్లో సీవీఎస్‌టీ ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదే. ప్రసవమైన కొద్ది రోజులకు వచ్చే తీవ్రమైన తలనొప్పిని "చలిగాలి తగిలింది", "నిద్ర లేదు" అని వదిలేయొద్దని డాక్టర్లు చెప్పేది అందుకే.

వాయిదా మాత్ర అంత "మామూలు ట్యాబ్లెట్" కాదు

పీరియడ్స్ వాయిదాకి మన దగ్గర ఎక్కువగా వాడేది నోరెథిస్టెరాన్. ఇది ప్రొజెస్టెరాన్ రకం హార్మోన్. "ఇందులో ఈస్ట్రోజెన్ లేదు కదా, సేఫే" అనుకునేవాళ్లు ఉన్నారు. ఇక్కడే అసలు పాయింట్ ఉంది.

ఇదే మందు గర్భనిరోధక మినీ పిల్‌గా వాడితే రోజుకి 0.35 మిల్లీగ్రాములు. పీరియడ్స్ వాయిదాకి ఇచ్చే మామూలు డోసు 5 మిల్లీగ్రాముల మాత్ర రోజుకి మూడుసార్లు. అంటే 15 మిల్లీగ్రాములు. లెక్క వేస్తే 40 రెట్లకు పైనే. డోసు ఇంత ఎక్కువైనప్పుడు శరీరం అందులో కొంత భాగాన్ని ఇథినైల్ ఈస్ట్రడయోల్‌గా మారుస్తుంది. ఇది గర్భనిరోధక మాత్రల్లో ఉండే ఈస్ట్రోజెనే. రోజుకి 10 నుంచి 20 మిల్లీగ్రాముల నోరెథిస్టెరాన్ వేసుకుంటే, 20 నుంచి 30 మైక్రోగ్రాముల ఈస్ట్రోజెన్ ఉన్న మాత్ర వేసుకున్నదానితో సమానం కావొచ్చని పరిశోధకులు లెక్కగట్టారు.

సింపుల్‌గా చెప్పాలంటే.. ఈస్ట్రోజెన్ మాత్ర ఎవరికి పనికిరాదో, వాళ్లకి ఈ వాయిదా మాత్ర కూడా చాలావరకు పనికిరాదు. గర్భనిరోధక మాత్ర రాసేటప్పుడు డాక్టర్ బీపీ చూస్తారు, మైగ్రేన్ ఉందా, ఇంట్లో ఎవరికైనా రక్తం గడ్డకట్టిందా అని అడుగుతారు. కౌంటర్ మీద చీటీ లేకుండా కొనే వాయిదా మాత్రకి ఈ ప్రశ్నలు అడిగేవాళ్లు ఉండరు. స్ట్రిప్ మీద ఎర్ర గీత, షెడ్యూల్ హెచ్ హెచ్చరిక ఉంటే దాన్ని డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు.

ఇంకో సంగతి. వాయిదా మాత్ర వేసుకునే సందర్భాలు ఎలాంటివో గమనించండి. వ్రతమైతే ఉపవాసం. యాత్ర అయితే గంటల కొద్దీ బస్సులోనో రైల్లోనో కదలకుండా కూర్చోవడం. దారిలో బాత్రూమ్ దొరకదని నీళ్లు తాగకపోవడం. పెళ్లయితే నిద్ర లేకపోవడం, ఎండలో తిరగడం. రక్తం చిక్కబడటానికి, కాళ్లలో గడ్డకట్టడానికి దారితీసే పరిస్థితులు కొన్ని మాత్రతో పాటే వచ్చి చేరతాయి.

మరి 72 గంటల్లో వేసుకునే ఎమర్జెన్సీ మాత్ర సంగతేంటి? మన దగ్గర దొరికేది లెవొనార్‌జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాములు, ఒక్క డోసు. ఇందులో ఈస్ట్రోజెన్ ఉండదు. దీన్నీ, రోజుల తరబడి వేసుకునే మాత్రల్నీ ఒకే గాటన కట్టకూడదు.

ఎంత అరుదు? లెక్కలు ఏం చెబుతున్నాయి?

సీవీఎస్‌టీ ఏడాదికి లక్ష మందిలో సుమారు ఒకరిద్దరికి వచ్చే జబ్బు. గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లలో ఈ ముప్పు ఏడు రెట్లకు పైగా పెరుగుతుందని 2015లో పలు అధ్యయనాలను కలిపి చేసిన విశ్లేషణలో తేలింది. ఏడు రెట్లు అనగానే గుండె జారిపోతుంది. కానీ లక్షలో ఒకటి రెండు అనేది ఏడు రెట్లు పెరిగినా లక్షలో పది, పదిహేను దగ్గరే ఆగుతుంది. అంటే మాత్ర వాడేవాళ్లలో దాదాపు అందరూ సేఫ్‌గానే ఉంటారు.

అయితే ముప్పు అందరికీ ఒకేలా ఉండదు. 2016లో జామా న్యూరాలజీ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం, ఊబకాయం ఉండి గర్భనిరోధక మాత్రలు వాడే మహిళల్లో, ఈ రెండూ లేనివాళ్లతో పోలిస్తే ముప్పు దాదాపు 30 రెట్లు కనిపించింది. బీఎంఐ 30 దాటినవాళ్లు డాక్టర్‌ని అడగకుండా హార్మోన్ మాత్ర మొదలుపెట్టకూడదనడానికి ఇదే కారణం.

ఇంకో లెక్క కూడా చూడాలి. శరీరంలో ఎక్కడైనా సిరల్లో గడ్డకట్టడం గురించి అమెరికా ఎఫ్‌డీఏ 2012లో ఇచ్చిన అంకెలివి. ఏడాదికి 10 వేల మంది మహిళల్లో.. మాత్ర వాడనివాళ్లు, గర్భవతులు కానివాళ్లలో 1 నుంచి 5 మందికి వస్తుంది. గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లలో 3 నుంచి 9 మందికి. గర్భిణుల్లో 5 నుంచి 20 మందికి. కాన్పు తర్వాత మొదటి 12 వారాల్లో 40 నుంచి 65 మందికి.

అంటే మాత్ర కంటే గర్భం, బాలింత దశలోనే ముప్పు ఎక్కువ. ఈ వార్త చదివి భయంతో మాత్ర మానేసి, వేరే జాగ్రత్త లేకుండా ఉంటే ముప్పు తగ్గదు, పెరుగుతుంది. మార్చాలనుకుంటే డాక్టర్‌తో మాట్లాడి మార్చుకోవాలి.

ముప్పు ఎక్కువగా ఉండేది మాత్ర మొదలుపెట్టిన తొలి నెలల్లో. నాలుగు వారాలో అంతకంటే ఎక్కువో ఆపి మళ్లీ మొదలుపెట్టినా అదే పరిస్థితి. ఒక నెల వేసుకుని, ఒక నెల మానేసి వాడటం మంచిది కాదని చెప్పేది ఇందుకే.

హైదరాబాద్ నిమ్స్‌ లెక్క చూస్తే..

ఇదేదో విదేశాల్లో వచ్చే జబ్బు అనుకోవద్దు. హైదరాబాద్ నిమ్స్‌లో సీవీఎస్‌టీతో చేరిన 428 మంది వివరాలతో 2012లో ఒక అధ్యయనం ప్రచురితమైంది. వాళ్ల సగటు వయసు 31 ఏళ్లు. అంటే పక్షవాతం వయసు కానే కాదు. తలనొప్పి దాదాపు ప్రతి పది మందిలో తొమ్మిది మందికి ఉంది.

ఇందులో ఆశ్చర్యపరిచే విషయం.. సగానికి పైగా మగవాళ్లే. రక్తహీనత, హోమోసిస్టీన్ ఎక్కువగా ఉండటం, మద్యం అలవాటు ప్రధాన కారణాలుగా కనిపించాయి. గర్భనిరోధక మాత్రలు వాడిన చరిత్ర 49 మందిలో ఉంది. మొత్తంలో చూస్తే 11 శాతం చిల్లర. మహిళల్ని మాత్రమే లెక్కలోకి తీసుకుంటే దాదాపు నలుగురిలో ఒకరు.

రక్తహీనత అనే మాట దగ్గర ఒక్కసారి ఆగాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. ఐరన్ లోపానికీ సిరల్లో గడ్డకట్టడానికీ సంబంధం ఉందని డాక్టర్లు చెబుతారు. హిమోగ్లోబిన్ పరీక్ష చిన్నదే అయినా దాని విలువ పెద్దది.

తలనొప్పి అందరికీ వస్తుంది.. ఏది ప్రమాదం?

హార్మోన్ మాత్ర మొదలుపెట్టిన కొత్తలో కొందరికి తేలికపాటి తలనొప్పి రావడం మామూలే. కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది. కానీ ఈ కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆగకూడదు.

• ఇంతకుముందు ఎప్పుడూ లేని రకం తలనొప్పి, రోజురోజుకూ పెరగడం
• పడుకుంటే, వంగితే, దగ్గితే నొప్పి ఎక్కువ కావడం
• తెల్లవారుజామున నొప్పితో మెలకువ రావడం, వాంతులు
• పిడుగు పడ్డట్టు ఒక్కసారిగా భరించలేని నొప్పి
• చూపు మసకబారడం, ఒకటి రెండుగా కనిపించడం
• ఫిట్స్ రావడం
• ముఖం ఒకవైపు వంకర పోవడం, కాలు చేయి పట్టు తప్పడం, తిమ్మిరి
• మాట తడబడటం, మనిషి మగతగా, అయోమయంగా మాట్లాడటం

చివరి మూడింటిలో ఏది కనిపించినా ఇంట్లో కూర్చుని చూద్దాం అనుకోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం లాంటివి చేయొద్దు. పక్కకి తిప్పి పడుకోబెట్టాలి. దిష్టి తగిలిందని, గాలి సోకిందని సమయం పోగొట్టుకోవద్దు.

కాలి పిక్కలో ఒకవైపు వాపు, నొప్పి వచ్చినా, ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీ నొప్పి వచ్చినా అంతే. అవి కాలిలో, ఊపిరితిత్తుల్లో గడ్డకి గుర్తులు. మెదడు గడ్డ కంటే ఇవే ఎక్కువగా వస్తాయి.

మైగ్రేన్ ఉన్నవాళ్లకి స్పెషల్ హెచ్చరిక

మైగ్రేన్ ఉన్నవాళ్లలో కొందరికి నొప్పి మొదలవడానికి ముందు కళ్ల ముందు మెరుపులు, వంకర టింకర గీతలు కనిపిస్తాయి. కొందరికి చూపులో కొంత భాగం మాయమవుతుంది. వేళ్ల నుంచి ముఖం దాకా తిమ్మిరి పాకుతుంది. ఇది సాధారణంగా గంట లోపే తగ్గిపోయి తలనొప్పి మొదలవుతుంది. దీన్ని ఆరా అంటారు.

ఆరా ఉన్న మైగ్రేన్ ఉంటే ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వాడకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. 2017లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో, ఆరా మైగ్రేన్ ఉండి ఈ మాత్రలు కూడా వాడే మహిళలకు, ఆ రెండూ లేనివాళ్ల కంటే స్ట్రోక్ ముప్పు ఆరు రెట్లు కనిపించింది. ఇది ధమనుల్లో వచ్చే స్ట్రోక్.

సమస్య ఏంటంటే చాలామందికి తమకున్నది ఆరా అని తెలియదు. "కళ్లు బైర్లు కమ్మాయి" అని ఊరుకుంటారు. అందుకే డాక్టర్ అడిగినా అడగకపోయినా ఈ మెరుపుల విషయం చెప్పాలి. మాత్ర మొదలుపెట్టాక కొత్తగా ఈ మెరుపులు కనిపిస్తే వెంటనే డాక్టర్‌ని కలవాలి.

ఆస్పత్రిలో దాచకూడని మాట

ఇక్కడే మన ఇళ్లలో ఒక ఇబ్బంది ఉంది. పెళ్లికాని అమ్మాయి పీసీఓఎస్ కోసమో, మొటిమల కోసమో హార్మోన్ మాత్ర వాడుతుంటుంది. గర్భనిరోధక మాత్ర అనే పేరు వినిపిస్తే ఇంట్లో ఏమనుకుంటారోనని స్ట్రిప్ దాచేస్తుంది. పూజ కోసం వాయిదా మాత్ర వేసుకున్న కోడలు, అత్తగారి ముందు డాక్టర్‌కి ఆ మాట చెప్పడానికి సిగ్గుపడుతుంది. "మందులు ఏమైనా వాడుతున్నారా" అని అడిగితే "ఏమీ లేవు" అంటారు. వాయిదా మాత్రని చాలామంది అసలు మందుగానే లెక్కేయరు.

20 ఏళ్ల అమ్మాయి తలనొప్పితో వస్తే డాక్టర్‌కి మొదట తట్టేది మైగ్రేనో, ఒత్తిడో. హార్మోన్ మాత్ర అనే మాట వినిపిస్తే ఆలోచన మారుతుంది. అడగాల్సిన పరీక్ష మారుతుంది. ఇంట్లోవాళ్ల ముందు చెప్పలేకపోతే "మీతో ఒక్క నిమిషం విడిగా మాట్లాడాలి" అని అడగొచ్చు. అది పేషెంట్ హక్కు. స్పృహలో లేని మనిషిని తీసుకెళ్లినప్పుడు ఆమె హ్యాండ్ బ్యాగ్‌లో, దిండు కింద ఉన్న స్ట్రిప్‌లు కూడా తీసుకెళ్లడం మంచిది.

పరీక్ష విషయంలో మరో ముఖ్యమైన సంగతి. మామూలు సీటీ స్కాన్‌లో ఈ గడ్డ అన్నిసార్లూ కనిపించదు. "సీటీ నార్మల్ వచ్చింది, ఏమీ లేదు" అని ఇంటికి వచ్చేసి, నొప్పి తగ్గకపోతే మళ్లీ వెళ్లాల్సిందే. సిరల్ని చూపించే పరీక్షలు వేరే ఉన్నాయి. ఎంఆర్ఐతో పాటు ఎంఆర్ వీనోగ్రామ్, లేదా సీటీ వీనోగ్రామ్. డీ-డైమర్ అనే రక్త పరీక్ష నార్మల్‌గా వచ్చినా అనుమానం బలంగా ఉంటే స్కాన్ చేయాల్సిందే. కంటి వెనుక నరం వాచిందా అని చూడటం కూడా డాక్టర్‌కి మంచి క్లూ ఇస్తుంది.

చికిత్స ఉందా? కోలుకుంటారా?

ఉంది. ఎక్కువ మంది కోలుకుంటారు కూడా. మొదట హెపారిన్ ఇంజెక్షన్లు ఇస్తారు. ఇది గడ్డ పెరగకుండా ఆపుతుంది. తలలో కొంచెం రక్తస్రావం ఉన్నా ఈ ఇంజెక్షన్ ఇస్తారు. వినడానికి వింతగా ఉంటుంది. కానీ ఆ రక్తస్రావానికి కారణమే గడ్డ కాబట్టి దాన్ని ఆపడమే చికిత్స. తర్వాత రక్తం పల్చబడే మాత్రలు సాధారణంగా 3 నుంచి 12 నెలల వరకు వాడాలి. ఫిట్స్ వస్తే వాటికి మందులు. ఒత్తిడి బాగా పెరిగి ప్రాణం మీదకు వస్తే పుర్రె ఎముక కొంత తీసి ఆపరేషన్ చేస్తారు.

21 దేశాల్లో 624 మంది పేషెంట్లని పరిశీలించి 2004లో ప్రచురించిన పెద్ద అధ్యయనంలో ప్రతి పది మందిలో దాదాపు ఎనిమిది మంది దాదాపు పూర్తిగా కోలుకున్నారు. చనిపోయినవాళ్లు 8 శాతం పైచిలుకు. అమెరికా మాజీ విదేశాంగ మంత్రి హిల్లరీ క్లింటన్‌కి 2012 డిసెంబర్‌లో తలకు దెబ్బ తగిలిన తర్వాత ఇలాంటి సిరలోనే గడ్డ బయటపడింది. రక్తం పల్చబడే మందులతో చికిత్స తీసుకున్నారు. నాలుగేళ్ల తర్వాత అధ్యక్ష ఎన్నికల్లో పోటీ చేశారు.

ఒకసారి సీవీఎస్‌టీ వచ్చినవాళ్లు మళ్లీ ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు వాడకూడదు. పీరియడ్స్ వాయిదాకి కూడా వద్దు. రక్తం పల్చబడే మందులు వాడేటప్పుడు పీరియడ్స్‌లో రక్తస్రావం ఎక్కువ కావొచ్చు. అందులో వార్ఫరిన్ గర్భంలో బిడ్డకి హాని చేస్తుంది. కాబట్టి ఈ రెండు విషయాలూ డాక్టర్‌తో ముందే మాట్లాడాలి.

గడ్డ ఒక్కటే కాదు.. మెనింజియోమా మాటేంటి?

హార్మోన్ మందుల చర్చలో ఈమధ్య వినిపిస్తున్న మరో పేరు మెనింజియోమా. ఇది మెదడు చుట్టూ ఉండే పొరల్లో పుట్టే కణితి. చాలావరకు క్యాన్సర్ కాదు, నెమ్మదిగా పెరుగుతుంది. కానీ పెద్దదైతే మెదడుని నొక్కేస్తుంది, ఆపరేషన్ అవసరం కావొచ్చు.

2024 మార్చిలో బీఎంజే పత్రికలో ఫ్రాన్స్ అధ్యయనం ఒకటి వచ్చింది. మెనింజియోమా ఆపరేషన్ జరిగిన 18,061 మంది మహిళల రికార్డులు చూశారు. మెడ్రాక్సీప్రొజెస్టెరాన్ ఇంజెక్షన్‌ని ఏడాదికి మించి వాడినవాళ్లలో ముప్పు 5.6 రెట్లు ఉన్నట్టు తేలింది. మన దేశంలో ప్రభుత్వం "అంతర" పేరుతో మూడు నెలలకు ఒకసారి ఇచ్చే ఇంజెక్షన్‌లో ఉండేది ఇదే మందు. సైప్రొటెరాన్ అనే మరో హార్మోన్ విషయంలో, ఎక్కువ డోసులకు యూరప్ మందుల నియంత్రణ సంస్థ 2020లోనే పరిమితులు పెట్టింది.

ఇక్కడా కంగారు వద్దు. మెనింజియోమానే అరుదు. ఒకటి రెండు డోసులతో వచ్చే సమస్య కాదిది, దీర్ఘకాలం వాడకంతో ముడిపడింది. అదే అధ్యయనంలో లెవొనార్‌జెస్ట్రెల్ ఉన్న గర్భాశయ పరికరాలతో ముప్పు పెరిగినట్టు కనిపించలేదు. ఏళ్ల తరబడి ఇంజెక్షన్ తీసుకుంటున్నవాళ్లు, చూపులో మార్పు, వినికిడి తగ్గడం, తగ్గని తలనొప్పి, ఫిట్స్ ఉంటే డాక్టర్‌కి చెప్పాలి. ఇంతకుముందే మెనింజియోమా ఉన్నవాళ్లు ఈ మందులు వాడకూడదు.

మగవాళ్లకి, పెద్దవాళ్లకి కూడా వర్తిస్తుందా?

వర్తిస్తుంది. జిమ్‌లో కండలు పెంచడానికి డాక్టర్ సలహా లేకుండా టెస్టోస్టెరాన్, అనబాలిక్ స్టెరాయిడ్లు తీసుకునే యువకుల్లోనూ సీవీఎస్‌టీ కేసులు నమోదయ్యాయి. ఈ మందులు రక్తాన్ని చిక్కబరుస్తాయి. "నాకు హార్మోన్ మందులతో పనేంటి" అని మగవాళ్లు పక్కకి తప్పుకోలేరు.

మెనోపాజ్ తర్వాత వేడి ఆవిర్లు, చెమటలు తగ్గడానికి ఈస్ట్రోజెన్ వాడేవాళ్లు డాక్టర్‌ని అడగాల్సిన ప్రశ్న ఒకటుంది.. మాత్రా, లేక చర్మం మీద రాసే జెల్లా, అంటించే ప్యాచా? చర్మం ద్వారా వెళ్లే ఈస్ట్రోజెన్ మొదట లివర్‌కి చేరదు కాబట్టి గడ్డకట్టే ముప్పు తక్కువ. రొమ్ము క్యాన్సర్‌కి వాడే టామోక్సిఫెన్‌తో కూడా గడ్డకట్టే ముప్పు కొంచెం పెరుగుతుంది. అయినా దాన్ని సొంతంగా ఆపకూడదు. అది కాపాడే ప్రాణం ముందు ఈ ముప్పు చిన్నది.

ఈస్ట్రోజెన్ మాత్రలు ఎవరు వాడకూడదు?

• ఇంతకుముందు కాలిలో, ఊపిరితిత్తుల్లో, మెదడులో గడ్డ వచ్చినవాళ్లు
• ఆరా ఉన్న మైగ్రేన్ ఉన్నవాళ్లు
• బీపీ 160/100 లేదా అంతకంటే ఎక్కువ ఉన్నవాళ్లు
• 35 ఏళ్లు దాటి, రోజుకి 15 లేదా అంతకంటే ఎక్కువ సిగరెట్లు తాగేవాళ్లు
• పాలిచ్చే తల్లులు, కాన్పైన మొదటి ఆరు వారాల్లో
• రక్తం త్వరగా గడ్డకట్టే జన్యు లోపం ఉన్నట్టు తేలినవాళ్లు

అమ్మకో, అక్కకో, నాన్నకో చిన్న వయసులో గడ్డకట్టిన చరిత్ర ఉంటే తప్పనిసరిగా డాక్టర్‌కి చెప్పాలి. ఊబకాయం ఉన్నా, పెద్ద ఆపరేషన్ జరగబోతున్నా, నెలల తరబడి మంచం మీద ఉండాల్సి వచ్చినా అంతే.

వాయిదా తప్పదనుకుంటే ఏం చేయాలి?

మొదటి ప్రశ్న.. నిజంగా అవసరమా? పీరియడ్స్ జబ్బు కాదు, ఆపాల్సిన అవసరం శరీరానికి లేదు. వెళ్లాలా వద్దా, పూజలో కూర్చోవాలా వద్దా అనేది ఆ ఇంటి నమ్మకం. కానీ మాత్ర వేసుకోవాలా వద్దా అనేది మాత్రం ఆ అమ్మాయి తీసుకోవాల్సిన నిర్ణయం. ఇంటిల్లిపాదీ కలిసి ఒత్తిడి చేసి మింగించాల్సిన విషయం కాదది.

వేసుకోవాలనే అనుకుంటే, చివరి నిమిషంలో మెడికల్ షాపుకి పరుగెత్తకుండా పది రోజుల ముందే గైనకాలజిస్ట్‌ని కలవాలి. బీపీ చూపించుకోవాలి. మైగ్రేన్, కుటుంబ చరిత్ర, వాడుతున్న ఇతర మందులు అన్నీ చెప్పాలి. గర్భం లేదని నిర్ధారించుకోవాలి. డాక్టర్ చెప్పిన రోజుల కంటే ఒక్క రోజు కూడా ఎక్కువ వాడొద్దు. "పోయినసారి అక్కకి రాసిన చీటీ ఉంది కదా" అని అదే మాత్ర తెచ్చుకోవద్దు. అక్కకి సరిపడింది చెల్లికి సరిపడాలని లేదు. వాయిదా మాత్ర వేసుకుంటున్నంత మాత్రాన గర్భం రాదనుకోవడం కూడా పొరపాటే. అది గర్భనిరోధక మాత్ర కాదు.

ఆ రోజుల్లో నీళ్లు బాగా తాగాలి. ప్రయాణంలో గంట, రెండు గంటలకోసారి లేచి నడవాలి. కనీసం కూర్చున్న చోటే పాదాలు ఆడిస్తూ ఉండాలి. ఉపవాసం ఉంటే నీళ్లు, మజ్జిగ, కొబ్బరినీళ్లు మానొద్దు.

గర్భనిరోధానికి ఈస్ట్రోజెన్ సరిపడనివాళ్లకి వేరే దారులున్నాయి. కాపర్-టీలో హార్మోన్ ఉండదు, కాపర్-టీ 380ఏ పదేళ్ల వరకు పనిచేస్తుంది. కండోమ్ ఉంది. తక్కువ డోసు ప్రొజెస్టెరాన్ మాత్రలు సరిపడతాయేమో డాక్టర్ చూసి చెబుతారు.

హార్మోన్ మందులు శత్రువులు కావు. లక్షల మందికి అవాంఛిత గర్భం నుంచి, అధిక రక్తస్రావం నుంచి, భరించలేని నొప్పి నుంచి ఊరట ఇస్తున్నాయి. ఎవరికి సరిపడతాయో చూసి ఇవ్వాలి, తేడా వస్తే వెంటనే గుర్తించాలి. ఇంట్లో ఎవరైనా మాత్ర మొదలుపెట్టిన వారం పది రోజుల్లో "తల పగిలిపోతోంది" అంటే, నొప్పి బిళ్ల చేతిలో పెట్టే ముందు ఒక్క ప్రశ్న అడగండి.. "ఎప్పటినుంచి? ఏదైనా ట్యాబ్లెట్ వేసుకుంటున్నావా?"

గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. వైద్య సలహాకు ప్రత్యామ్నాయం కాదు. ఏ మందైనా మొదలుపెట్టే ముందు, ఆపే ముందు మీ డాక్టర్‌ని సంప్రదించండి. అత్యవసరమైతే 108కి కాల్ చేయండి.